లావు రాడ్డు, మెత్తని స్ప్రింగులు

నా పాత కారును కొనుక్కున్న కొలకలూరు పెద్దమనిషి ఈ మధ్య ఒక ఉత్తరం రాశారు. "మాస్టారూ, బండి కింద రాడ్డేమో మామూలు కంటే లావుగా ఉంది. స్ప్రింగులేమో కంపెనీవాళ్ళ పాత మెత్తనివే. ఈ రెంటికీ పొత్తు లేదంటున్నాడు మా మెకానిక్కు. తమరు తెలిసి చేశారా, తెలియక చేశారా?" అని అడిగారు. బండి అప్పగించిన నాడు మార్చిన భాగాల పట్టిక ఇచ్చాను కాని, ఎందుకు మార్చానో అందులో రాయలేదు. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించి, జవాబు పక్కన కారణం రాయని విద్యార్థికి మార్కులు తగ్గించిన నేను ఆ లోపాన్ని అలాగే వదిలేయడం సబబు కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ శతాబ్దం మొదటి దశకంలో, ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు, బాపట్లలో ఆ కారు కొన్నాను. వెనుక తలుపు పైకి లేచే చిన్న బండి. ఇంజను మాత్రం దాని ఒంటికి మించినది. నా వయసుకు అది తగదని తోటి అధ్యాపకులు అన్నారు. నా క్రమశిక్షణలో అదొక్కటే సడలింపు అనుకుని ఊరుకున్నాను.

నా భార్యది రేపల్లె. పెళ్ళయిన నాటి నుంచి ఏటా ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం నాడు తాను పుట్టిపెరిగిన చర్చిలో గాయక బృందంతో పాడడం ఆమె ఆనవాయితీ. బాపట్ల నుంచి రైల్లో తెనాలి వెళ్ళి, అక్కడ రేపల్లె బండి ఎక్కేది. మోకాలు అరిగి తెనాలి స్టేషనులో వంతెన మెట్లు ఎక్కడం ఆమె వల్ల కాకపోయాక కారులో తీసుకువెళ్ళాను. చెరుకుపల్లి దాటాక కాలువ గట్టు వెంట వరుసగా మలుపులు. ప్రతి మలుపులోనూ మా బండి పడవలా ఒకవైపు ఒరిగేది. రేపల్లె చేరేసరికి ఆమె నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా చర్చి మెట్ల మీద కూర్చుండిపోయేది. అలా రెండేళ్ళు ఆమె పాడలేదు.

"ఈసారీ ఇంతే అయితే నా చోటు ఎవరికైనా ఇచ్చేయమని చెప్పేస్తానండి," అంది ఒకనాడు కూర తరుగుతూ. గొంతులో ఫిర్యాదు లేదు. అందువల్లే ఆ మాట నన్ను కదిలించింది.

నేను లెక్కలు వేశాను. బండి ఒరగడం తగ్గాలంటే స్ప్రింగులు గట్టివి కావాలి. ఊగడం ఆగాలంటే షాకబ్జార్లు మంచివి కావాలి. ఎడమ కుడి చక్రాలను కలిపే రాడ్డు లావుది కావాలి. మూడూ చెన్నై నుంచి తెప్పించి తెనాలిలో ఒక మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్ళాను. యాభై ఏళ్ళ మనిషి, మాట పొదుపు లేనివాడు.

"మాస్టారూ, రేసులకేమైనా వెళ్తున్నారా ఏంటి?"

"రేపల్లెకు."

"రేపల్లెకి ఇంత కష్టమా అండి!"

చక్రాలను బండికి కలిపే కింది ఇనుప చేతుల్లో రబ్బరు బుష్షులు అరిగి ఉంటే వాటినీ మార్చాడు. వాటి బోల్టులు వదులుగానే ఉంచి, బండిని జాకీల మీద నుంచి దించబోయాడు. నేను ఆపాను. ఒక పని పూర్తిచేయకుండా మరొకటి మొదలుపెట్టడం నాకు గిట్టదు.

"బోల్టులు బిగించి దించండి."

"కిందకి దించాక బిగించాలండి. ఇప్పుడు చక్రాలు వేలాడుతున్నాయి కదా. ఇలా బిగిస్తే, దించాక రబ్బరు మెలిపడుద్ది."

"వదులు బోల్టులతో బండి దించడం పద్ధతి కాదు."

అతడు నా వంక ఒకసారి చూసి, బిగించి దించాడు.

తిరుగు ప్రయాణంలో బండి మలుపుల్లో బల్లపరుపుగా నడిచింది. నాకు గర్వం కలిగిందని ఒప్పుకుంటాను. మర్నాడు ఆమెను కర్లపాలెం దాకా తీసుకువెళ్ళి వచ్చాను. దిగి, నడుము పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"వికారం పోయిందండి. నడుం కూడా పోయింది."

ప్రతి గతుకూ ఆమె వెన్నులో మోగిందట. మూడు నెలలు తిరగకుండానే బుష్షుల రబ్బరు చిట్లి, బండి మంచం కోళ్ళలా కిర్రుమనసాగింది. కారులో ఎడమవైపు ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న నా లెక్కల్లో ఎక్కడా లేదని అప్పుడు గ్రహించాను. మట్టల ఆదివారానికి ఇంకా పది రోజులు ఉన్నాయి. తెనాలి వెళ్ళి, మేస్త్రి ఎదుట నిలబడి, తప్పు నాదేనని చెప్పాను.

"తప్పేముందిలెండి. ఈసారి నా మాట వింటారా?"

"వింటాను."

"ఐతే పాత స్ప్రింగులు మళ్ళీ వేద్దాం. షాకబ్జార్లు, రాడ్డు కొత్తవే ఉంచుదాం. రాడ్డు మలుపులో ఒరగనివ్వదు, గతుకులో మెత్తదనం అట్టే చెడగొట్టదు. రేపు అక్కయ్యగార్ని తీసుకురండి. బండి ఎవరి కోసమో వాళ్ళు కూర్చున్నాకే బోల్టులు బిగిద్దాం."

మర్నాడు పాత స్ప్రింగులు, కొత్త బుష్షులు వేసి, బండిని నాలుగు చక్రాల మీదా, అడుగు నుంచి పనిచేయడానికి తవ్విన గుంటపై నిలబెట్టాడు. ఆమె ఎడమ సీటులో, ఒళ్ళో చేతిసంచితో, ఫోటోకు కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి అతడు గుంటలోకి దిగాడు. కింద పానా చప్పుడు. ఊరికే కూర్చోలేక ఆమె సన్నగా పాట సాధన చేయసాగింది. బృందంలో ఆమెది కింది స్వరం. అసలు రాగాన్ని అంటిపెట్టుకుని కిందుగా నడిచేది.

గుంటలోంచి గొంతు వచ్చింది: "అక్కయ్యగారూ, ఏంటండీ ఆ పాట? సగమే ఉన్నట్టుంది?"

"అవును తమ్ముడూ. మిగతా సగం రేపల్లెలో ఉంది."

"అయితే గట్టిగా బిగిస్తానుండండి, దారిలో ఈ సగం జారిపోకుండా!"

ఆమె పగలబడి నవ్వింది. "కదలకండక్కయ్యా, కొలత మారిపోద్ది!" అని అతడు కేక వేశాడు. ఆ నవ్వు ఆగేదాకా పని ఆగింది.

మట్టల ఆదివారం ఉదయం బయలుదేరాం. కాలువ గట్టు మలుపులు పదకొండు. ఆమె కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టి, పదకొండోది దాటాక కళ్ళు తెరిచి, "అయిపోయాయా!" అంది. వికారం లేదు, నడుము నొప్పి లేదు. కాని ఎడమకు తిరిగే మలుపుల్లో ఎక్కడో చిన్న 'టక్' శబ్దం విన్నాను. అది నా మనసును తొలిచింది.

చర్చి ముందు దిగి, తెల్లచీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ అడిగింది: "లోపలికి రారా?"

"ఆ శబ్దం ఏమిటో చూసి వస్తాను. తిరుగు ప్రయాణానికి బండి నమ్మకంగా ఉండాలి."

"సరేనండి," అంది. పిల్లలు మట్టలు పట్టుకుని వరుస కడుతున్నారు. వారి వెనుక ఆమె మెట్లు ఎక్కుతుంటే చూసి, బండి తిప్పాను.

గట్టు మలుపుల్లో రెండుసార్లు అటూ ఇటూ నడిపాను. శబ్దం రాలేదు. దిగి, చక్రాలు ఊపి చూశాను. ప్రతి బోల్టూ చేత్తో తడిమాను. నేను రేపల్లె తిరిగి చేరేసరికి ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. ఆమె ముఖం కడిగిన పళ్ళెంలా వెలిగిపోతోంది. ఎవరో ఆమె చేతులు పట్టుకుని ఊపుతున్నారు.

తిరుగు దారిలో మొదటి ఎడమ మలుపులో మళ్ళీ 'టక్'. ఆమె చేతిసంచి తెరిచి చిన్న రేకు డబ్బా తీసి ఊపింది. అందులో వికారానికి చప్పరించే ఎండు ఉసిరి ముక్కలు రెండు.

"ఇదేనండి మీ శబ్దం. అలవాటుకొద్దీ తెచ్చాను."

ఇద్దరం నవ్వాం. ఎలా పాడావని అడిగాను. "వచ్చే ఏడు విందురుగానిలెండి," అంది.

మరుసటి మట్టల ఆదివారానికి ఆమె లేదు.

ఆ తరువాత కొన్నేళ్ళు బండిని నేనే నడిపాను. ఎడమ సీటు ఖాళీగా ఉంటే ఆ రాడ్డూ ఆ స్ప్రింగులూ సరిగ్గా పొసగవు. కొలకలూరు పెద్దమనిషి మెకానిక్కు చెప్పింది నిజమే. రేపల్లె చర్చిలో ఆ పాట ఇప్పుడూ పాడతారు. వెళ్ళి విన్నాను. నాకు తెలిసిన సగం అందులో వినిపించలేదు.

ఇందులో పొరపాట్లు ఉండవచ్చు. మలుపులు పదకొండని ఆమె వేళ్ళను చూసి రాశాను. బుష్షుల సంగతి తెనాలి మేస్త్రి చెప్పినట్టు రాశాను. ఆ ఆదివారం చివరి చరణం ఆమె ఒక్కతే పాడిందని ఒకరు చెప్పారు. లేదు, అందరూ కలిసే పాడారని మరొకరు అన్నారు. ఆనాడు లోపల ఉన్నవారు ఎవరైనా ఇది చదివితే, నా తప్పులు సరిదిద్దవలసిందిగా కోరుతున్నాను. మలుపుల లెక్క తరువాతైనా ఫరవాలేదు. ముందుగా ఆ చరణం సంగతి రాయండి.