ఎడమ భుజం

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు మా ఆన్‌లైన్ డ్రాయింగ్ క్లాసులో. నాకు దొరికింది కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన. టీ గ్లాసు చేతికిచ్చి వరండాలో కూర్చోబెట్టాను.

ఎన్నిసార్లు గీసినా బొమ్మలో ఎడమ భుజం కిందికి జారిపోతోంది. చెరిపి గీశాను, మళ్లీ జారింది. అక్కడ కాగితం నల్లబడిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"కాసేపు నిటారుగా కూర్చోలేరా?" అని కసిరాను.

"నిటారుగానే కూర్చోనుండా గదమ్మే," అన్నాడు.

లేచి వెళ్లి ఆ భుజం మీద చెయ్యి వేశాను. "అబ్బా" అంటూ పక్కకి జరిగాడు.

"కొన్నాళ్ల నించి ఈ చెయ్యి పైకి లేవడంలా. చెప్తే పనికి పోవద్దంటావని చెప్పలా."

అంటే సాయంత్రం నుంచీ నేను తప్పనుకుని చెరుపుతున్నది ఆయన నొప్పినే.

రేపు ఆస్పత్రికి వెళ్దామంటే డ్యూటీ ఉందంటూ తప్పించుకున్నాడు. లోపలికి వెళ్తూ కాగితం వైపు చూసి, "బొమ్మలో మాత్రం రెండూ సమంగా గీయమ్మే, మన పాప చూస్తాది," అన్నాడు.

క్లాసులో ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు. ఈయనేమో ఇలా అంటున్నాడు. మీరైతే ఎవరి మాట వింటారు?