నీళ్ల సీసా గాలం

మా ఆఫీసు డ్రైవరుది కోనసీమ. గోదావరి పాయల్లో దోనె మీద పెరిగిన మనిషి. నేను విజయవాడ ఇంజనీరుని, చేపని పళ్లెంలో తప్ప ఎరగను. అయినా కువైట్ వచ్చిన రెండో ఏడు ఒక ప్లాస్టిక్ పడవ, ఖరీదైన గాలపు కర్ర, ఒంటినిండా జేబులున్న చొక్కా కొన్నాను. తెడ్డు వెయ్యడానికి ఆయన్ని పిలిచాను.

శుక్రవారం పొద్దున్నే ఎగైలా దగ్గర సముద్రంలోకి వెళ్లేవాళ్లం. ఆయనకి కర్ర లేదు. ఖాళీ నీళ్ల సీసాకి చుట్టిన గాలపు దారం, అంతే. దాన్ని చూపుడువేలి మీద ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. నా కర్ర కాస్త వణికితే చాలు, నేను లాగేసేవాణ్ణి. ఉత్త కొక్కెం వచ్చేది.

"ఆయ్, ఇంకా రుచి చూత్తందండి. కొంచెం ఆగాలండి," అనేవాడు.

చివరికి ఆయన పట్టిన చేపతో నేను ఫొటో దిగేవాణ్ణి.

ఒకరోజు దారం మీంచి వేలు తియ్యకుండానే అన్నాడు: "సార్, నా ఇఖామా ఈసారి రెన్యూ చెయ్యరంటండి. ఇంటికి పంపేత్తారంటండి. మేనేజరు గారితో మీరో మాట సెప్తే..."

"తప్పకుండా. మంచి సమయం చూసి చెబుతాను," అన్నాను.

రెండు నెలలు చూశాను. మేనేజరు ఒకరోజు చిరాగ్గా ఉన్నాడు. ఇంకోరోజు సంతోషంగా ఉన్నాడు, చెడగొట్టడం ఎందుకనిపించింది. ఈలోపు డ్రైవరుకి ఉద్యోగం ఖలాస్ అని చెప్పేశారు.

ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. ఆయన దిగి సంచీ విప్పాడు. ఆ సీసా తీసి నా చేతిలో పెట్టాడు.

"సేప కాడ మట్టుకు తొందరపడకండి సార్."

తలూపాను. మిగతా చోట్ల నేనెప్పుడూ తొందరపడలేదు.