అటక మీది పెళ్లిగౌన్లు

సముద్రం ఒడ్డునున్న అన్ఫూషీ పేటలో ఇన్షిరాహ్ గొంతు విన్నవాళ్లు తక్కువ. ఆ పిల్ల పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. హజ్ యాత్ర చేసొచ్చిన వాళ్లమ్మ హాజా నఫీసాది పెళ్లిగౌన్లు అద్దెకిచ్చే కొట్టు. పెళ్లికూతురు గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, ఇన్షిరాహ్ ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంచు సరిచేస్తుంది. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అమ్మ చూపు మందగించి సూదిలో దారం ఎక్కించలేకపోతుంటే బడి మానేసి కొట్లో కూర్చుంది చూడు, ఆ ఏడాదే ఈ కిటుకు కనిపెట్టింది.

మాట్లాడదు గాని అన్నీ చూస్తుంది. ఏ పెళ్లికూతురు పొద్దున ఏడ్చి వచ్చిందో, ఏ అత్తగారు కోడలి నడుం వంక చూసి పెదవి విరిచిందో, ఆమెకి తెలియకుండా పోదు. అలా చూడగా చూడగా ఒక సంగతి పట్టుకుంది. కూతురు కొత్త కొత్త గౌన్లు వేసి విప్పుతుంటే, వెంట వచ్చిన తల్లి మెల్లిగా అటక మీదికి ఓ చూపు విసురుతుంది. అక్కడ దుప్పట్లు కప్పుకుని పాత గౌన్లు వరసగా వేలాడుతుంటాయి.

"నఫీసా, నాది ఇంకా ఉందా ఏంటి?" అని నవ్వులాటకి అడుగుతుంది.

ఉంటే దింపమంటుంది. దింపాక భుజాలకి ఆనించుకుని అద్దంలో చూసుకుంటుంది. చేతులకున్న లేసుని వేలితో తడుముతుంది. తర్వాత తిరిగిచ్చేస్తుంది. అద్దె గౌను కదా, పెళ్లయిన మర్నాడో ఆ మర్నాడో కొట్టుకి వచ్చేసింది. ఇక అది ఫొటోలోనే తనది.

ఇన్షిరాహ్‌కి హిల్మీతో పెళ్లి కుదిరింది. హిల్మీ పడవలు చేసే వడ్రంగి. ఏ హాలు మాట్లాడదామని పెద్దలు తర్జనభర్జన పడుతుంటే, ఆ పిల్ల నోట్లోంచి సూదులు తీసి డబ్బాలో వేసి అంది.

"హాలొద్దు. మన కొట్టు ముందు వీధిలోనే చేద్దాం, వెనకటి రోజుల్లో చేసినట్టు. మైకులొద్దు. అకార్డియన్, తబ్లా చాలు. గాజు గ్లాసుల్లో ఎర్ర షర్బత్. బొమ్మలేసిన పరదా ముందు ఫొటోలు. మన దగ్గర గౌను తీసుకుని పెళ్లాడిన ఆడవాళ్లందరూ ఎవరి గౌనులో వాళ్లు రావాలి."

అన్ని మాటలు ఆమె ఒక్కసారిగా అనడం తల్లి కూడా ఎరగదు.

హిల్మీ పగలబడి నవ్వాడు. "నేను మా నాన్న పెళ్లికోటు వేసుకుంటా. ఆ కాలర్లు చూశావా, గాలేస్తే మనిషి ఎగిరిపోతాడు!"

కబురు గంటలో పేటంతా పాకింది. రొట్టెల కొట్టు రతీబా అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది. బుట్ట చేతుల కాలంలో పెళ్లయిన మనిషి. గౌను దింపగానే ఒక చేతిలోకి తల దూర్చి చూసింది.

"ఒసేయ్, ఇందులో నా ఇద్దరు పిల్లల్నీ దాచి సినిమాకి తీసుకెళ్లొచ్చే! టిక్కెట్టు కూడా అక్కర్లేదు."

"నడుం దగ్గర పట్టదేమో రతీబా," అంది నఫీసా.

"పట్టకపోతే ఊపిరి తీసుకోను. ఒక్క సాయంత్రమేగా!"

పట్టింది కూడా. ఆ కొట్లో ఏ గౌనుకీ కత్తెర తగలకూడదు. ఈ పెళ్లికూతురు సన్నం, వచ్చే వారం పెళ్లికూతురు లావు. అందుకని గుడ్డని లోపలికి మడిచి కుట్లు వేస్తారే తప్ప కత్తిరించరు. మడతలు విప్పితే గౌను ఇంకా ఎంతో ఎదుగుతుంది.

అంతా సవ్యంగా నడుస్తోందనుకునేంతలో హిల్మీ తల్లి ఊడిపడింది.

కొడుకు పేరు మీదే ఉమ్మ్ హిల్మీ, అంటే హిల్మీ అమ్మ, అనిపించుకునే ఆమె చేపల బజారులో బూరీ చేపలు అమ్ముతుంది. అక్కడ ఆమె ధర చెబితే ఇక్కడ వినిపిస్తుంది. కొట్లోకి అడుగు పెడుతూనే అందుకుంది.

"ఏంటి వదినా, నేను విన్నది నిజమేనా? నా పెద్దకొడుకు పెళ్లి వీధిలోనా? బూజుపట్టిన గౌన్ల ఊరేగింపా?"

"ఇదిప్పుడు కొత్త ముచ్చట వదినా," అంది నఫీసా కుర్చీ జరుపుతూ. "అటు సముద్రం ఒడ్డు మేడల్లో డబ్బున్నవాళ్లు కోరి మరీ చేసుకుంటున్నారట."

"డబ్బున్నవాళ్లు పాతగుడ్డ కడితే ముచ్చట. మనం కడితే లేనితనం. హాలుకి గతిలేక వీధిన పడ్డారంటారు. నాకు ఫౌంటెన్ ఉన్న హాలు కావాలి. పొగ వచ్చే మిషను కావాలి. పొగలోంచి నా కొడుకు నడిచి రావాలి!"

"పొగెందుకమ్మా, పడవకి తారు పూస్తూ రోజూ పొగలోంచే వస్తున్నాగా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ హిల్మీ.

"నువ్వు నోర్ముయ్! పెళ్లాం ఇంకా ఇంటికి రాలేదు, అప్పుడే ఆమె పాట అందుకున్నావ్." ఆమె శాలువా భుజాన వేసుకుంది. "వీధిలో అయితే నేను రాను. తల్లి లేని పెళ్లి చేసుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం."

తల్లి రాని పెళ్లి హిల్మీ చేసుకోడు. ఆ మాట అతను అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు. ఇన్షిరాహ్‌కి అర్థమైంది. పాత పద్ధతి పెళ్లి కావాలంటే ఉమ్మ్ హిల్మీ రావాలి. ఆమె రాకపోతే ఆ పెళ్లే లేదు.

అయితే ఇన్షిరాహ్ ఇంకోటి కూడా చూసింది. కొట్టంతా ఎగిరిపడేలా అరుస్తున్న ఉమ్మ్ హిల్మీ చూపు మూలనున్న బొమ్మ మీద పడినప్పుడు, ఆ గొంతు ఒక్క క్షణం తడబడింది. ఆ బొమ్మకి తొడిగింది ఇన్షిరాహ్ తన పెళ్లికని అటక మీంచి ఏరుకున్న పాత గౌను. పొడుగు లేసు చేతులు, మెడ చుట్టూ సన్న ముత్యాలు, వెనక నేల మీద జీరాడే బారెడు తోక. తడబడ్డ గొంతు మళ్లీ రెండింతలై లేచింది.

మర్నాడు ఇన్షిరాహ్ ఒక్కతే చేపల బజారుకి వెళ్లింది. జనంలోంచి నడవడమంటేనే సరిపడని పిల్ల. ఉమ్మ్ హిల్మీ పీట ముందు నిలబడి తట్టలోని చేపల్ని ఒక్కొక్కటే చూసింది.

"చేపలు కావాలా, మాటలు కావాలా?" అంది ఉమ్మ్ హిల్మీ. "మాటలైతే నీ దగ్గర లేవుగా."

"అత్తా, ఆ ముత్యాల గౌనంటే మీకెందుకు కోపం?"

ఉమ్మ్ హిల్మీ కత్తి ఆగింది. పక్క పీటల వాళ్లు తలలు తిప్పారు. "మీ బేరాలు మీరు చూసుకోండి!" అని వాళ్ల మీద ఓ కేకేసి, గొంతు తగ్గించింది.

"అది నాదే. నేను ఏరుకున్నది. పెళ్లికి ముందు ఎన్నిసార్లు వచ్చి చూసుకున్నానో మీ అమ్మనడుగు. ఉపవాసాల నెల అయ్యాక మొదటి గురువారం నా పెళ్లి. నెలంతా ఆగిన పెళ్లిళ్లన్నీ ఆ రోజే. హడావిడిలో మీ అమ్మ ఒకే గౌను ఇద్దరికి ఒప్పుకుంది. నేను వెళ్లేసరికి ముందొచ్చింది ఎగరేసుకుపోయింది. మిగిలింది ఒక్కటే. గుడారం! నాలాంటి వాళ్లు ఇంకో ఇద్దరు పట్టేవాళ్లు అందులో. కుట్టే వేళ లేక మీ అమ్మ దాన్ని వెనక పోగుచేసి మెడ నుంచి నడుం దాకా పిన్నీసులు పెట్టింది."

"అయ్యో."

"కదిలితే గుచ్చుకుంటాయి. వంగితే విడిపోతాయి. నా పెళ్లిలో అందరూ ఆడారు, నేను ఆడలేదు. కొయ్యబొమ్మలా కూర్చున్నా. ఇప్పటికీ బజారులో అంటారు, ఉమ్మ్ హిల్మీ పెళ్లినాడే ఎంత బింకంగా ఉండేదో అని. బింకం కాదే తల్లీ, పిన్నీసులు!" ఆమె చేపని తిప్పి పడేసింది. "ఇప్పుడు అదే గౌను నువ్వు తొడుక్కుంటావ్. మళ్లీ నా కళ్ల ముందే మీ అమ్మ దాన్ని ఇంకొకరికిస్తుంది. దానికి నేనొచ్చి చప్పట్లు కొట్టాలి. వెళ్లు."

ఇంటికొచ్చి తల్లిని అడిగితే నఫీసా మండిపడింది. "నేనా? ఒక గౌనుకి రెండు మాటలా? నా జన్మలో లేదు!" తర్వాత కాసేపు గౌన్లు సర్దింది. సర్దుతూ సర్దుతూ బల్ల మీద కూలబడింది. "పండగ గురువారమా... ఆ రోజు కొట్లో కాలు పెట్టే చోటు లేదే. మనిషి ముఖం గుర్తులేదు. పిన్నీసులు పెట్టిన వీపు గుర్తుంది. బక్కపల్చటి వీపు. వణికింది."

ఇన్షిరాహ్ బొమ్మ మీంచి ముత్యాల గౌను విప్పింది. బల్ల మీద పరిచి, తన కొలతకి వేసుకున్న కుట్లు తెంపడం మొదలుపెట్టింది. ఒక మడత కింద ఇంకో మడత, దాని కింద ఇంకోటి. ఎవరెవరి నడుములో సూది గుర్తులై బయటపడ్డాయి. అన్నీ విప్పినా ఉమ్మ్ హిల్మీకి చాలదు. చేపల బుట్టలెత్తిన భుజాలు అవి. రెండు పక్కలా అరచేతి వెడల్పు తక్కువ పడుతోంది.

ఇన్షిరాహ్ గౌను తోకని ముందుకి లాక్కుని కత్తెర తీసింది.

"ఏయ్! ఏంటే అది?" నఫీసా లేచి నిలబడింది. "నా కొట్లో ఈ నాటిదాకా గౌనుకి కత్తెర తగల్లేదు!"

"అందుకే ఇది ఎవరిదీ కాలేదమ్మా. ఇక ఇది అద్దెకి పోదు. దీనికి మనిషి ఉంది."

"మరి నీ పెళ్లికి?"

"అటక మీద గుడారం ఉందిగా. అది నాకు."

నఫీసా కూతురి వంక చూసింది. దగ్గరకొచ్చి, గుడ్డ ముడత పడకుండా తోక కొసని రెండు చేతులా బిగించి పట్టుకుంది. "తిన్నగా కొయ్యి," అంది.

తోకలోంచి తీసిన గుడ్డ రెండు పక్కలా అతుకులైంది. అతుకుల మీద లేసు వేసింది. గుడారాన్ని తన ఒంటికి తగ్గట్టు మడతలు పెట్టి, దగ్గర దగ్గరగా కుట్టుకుంది. పెళ్లి ముందురోజు ముత్యాల గౌనుని తెల్ల దుప్పటిలో చుట్టి, పసిబిడ్డని మోసినట్టు మోసుకుంటూ ఉమ్మ్ హిల్మీ తలుపు తట్టింది.

"ఏంటది?"

"మీ గౌను అత్తా. ఆలస్యమైంది."

ఉమ్మ్ హిల్మీ దుప్పటి కొస ఎత్తి చూసింది. అతుకు మీద వేలు పెట్టింది. "కోశారా దీన్ని?"

"మీ కొలతకి."

"మరి నువ్వేం తొడుక్కుంటావ్?"

"ఆ రోజు మీకిచ్చింది."

"పిచ్చిదానా!" అంది ఉమ్మ్ హిల్మీ. గౌను లాక్కుని దబ్బున తలుపేసుకుంది. వస్తానని గాని రానని గాని చెప్పలేదు.

గురువారం సాయంత్రం వీధంతా రంగు దీపాలు. సందుల్లోంచి ఆడవాళ్లు గౌన్లు ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. బుట్ట చేతులు, తళుకుల నడుములు, గంపంత గుబ్బ గౌన్లు. మొగుళ్లు వెడల్పు కాలర్లలో సిగ్గుపడుతూ వెనక నడిచారు. "ఏమయ్యా, ఈ పెళ్లికూతురు నీదేనా, దారిలో దొరికిందా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. రతీబా నిజంగానే ఊపిరి బిగబట్టి వచ్చింది.

పూలు కట్టిన రెండు కుర్చీల పక్కన పెళ్లికొడుకు తల్లికని ఎర్ర పట్టుగుడ్డ పరిచిన ఇంకో కుర్చీ వేశారు. అది ఖాళీగా ఉంది. అకార్డియన్ వాయించే ఆయన ఒకే పాట తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. షర్బత్ గ్లాసులు పళ్లేల్లోనే ఉన్నాయి. హిల్మీ కుర్చీ వంక చూడకుండా సందు మలుపు వంకే చూస్తున్నాడు. ఇన్షిరాహ్ గౌను అంచు సరిచేసుకుంది. ఇంకాసేపు చూసి అందరినీ ఇళ్లకి పొమ్మని తనే చెప్పాలి, అంతమంది ముందు నోరు తెరిచి.

అప్పుడు రోడ్డు మీద ట్రాము గంట ఆగకుండా మోగింది. అందరూ అటు పరుగెత్తారు.

ట్రాము పట్టాల మధ్యలో ముత్యాల గౌనులో ఉమ్మ్ హిల్మీ నడిచొస్తోంది. వెనక చేపల బజారు బజారంతా, తట్టలు వాయిస్తూ. ట్రాము ఆమె వెనకాలే పాకుతోంది.

"ఏమ్మా పెళ్లికూతురా! పట్టాల మీంచి తప్పుకో!" అని అరిచాడు డ్రైవరు.

"ముప్ఫై ఏళ్లు ఆగి వస్తున్నా! నువ్వు ఓ క్షణం ఆగలేవా?"

ట్రాములోని ఆడవాళ్లు కిటికీల్లోంచి తలలు పెట్టి, నాలుకలాడిస్తూ పెళ్లిసంబరపు జగారీత్ కేకలు పెట్టారు. వీధిలోవాళ్లు అందుకున్నారు. డ్రైవరు బ్రేకు వేసి, తనూ గంట లయగా కొట్టడం మొదలుపెట్టాడు.

ఉమ్మ్ హిల్మీ తిన్నగా ఇన్షిరాహ్ దగ్గరకొచ్చింది. భుజాలు పట్టుకుని గిర్రున వెనక్కి తిప్పింది. మెడ నుంచి నడుం దాకా కుట్టు మీద అరచేయి రాసి చూసింది.

"ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"లేదత్తా."

"అయితే చూస్తావేం? ఆడు!"

తబ్లా ఒక్కసారిగా లేచింది. ఇన్షిరాహ్‌కి ఆట రాదు. చూసి చూసి నేర్చుకున్నదంతా కాళ్లలోకి వచ్చేసింది. గౌను గాలికి విప్పారింది, ఒక్క కుట్టు కదల్లేదు. ఎదురుగా ఉమ్మ్ హిల్మీ నడుమున శాలువా బిగించి చేపల బజారు తీరులో ఆడుతోంది. ఆమె భుజం కదిపితే వీధి అటు కదిలింది.

నఫీసా గ్లాసు పట్టుకుని జనంలోంచి తోసుకొచ్చింది. "వదినా, ఆ రోజు నేను..."

"ఆ రోజు సంగతికి రేపు తిడతా. కడుపునిండా తిడతా. ఇవాళ తీరిక లేదు," అని ఆ గ్లాసు ఎత్తి షర్బత్ గటగటా తాగేసి, వియ్యపురాలి చేయి పట్టి మధ్యలోకి లాగింది.

ట్రాము దిగినవాళ్లు కూడా షర్బత్ తాగారు. రతీబా ఊపిరి వదిలేసింది, బొత్తాలు రెండు ఎగిరిపోయాయి, ఎవరూ వెతకలేదు. ఎర్ర పట్టుగుడ్డ కుర్చీ మీద ఎవరో కోటు పడేశారు. దాని మీద ఇంకొకరు చెప్పులు పెట్టారు. ఆ సాయంత్రమంతా ఉమ్మ్ హిల్మీ కూర్చోనేలేదు.