చీటీలు లోపల ఇవ్వబడును

నా చిన్నప్పుడు గోడ మీద పెయింటుతో రాసిన మాట ఏదైనా సరే, అది పాటించి తీరాల్సిందే అనుకునేదాన్ని. అప్పుడు అయిదో తరగతి. పినపాక దాటి అడవిలోకి పోయే దారిలో మా ఊరు. అక్కడి బోర్డులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా స్టేజీ దగ్గర ‘బస్సులు ఇచ్చట ఆపబడవు’ అని ఉండేది. దాని కిందనే ‘ప్రయాణికులు ఇచ్చటనే వేచియుండవలెను’ అని కూడా ఉండేది. అడవి మొదట్లో ఇంకొకటి: ‘ఎలుగుబంట్లు తిరుగు ప్రాంతము. నిలువరాదు. పరుగెత్తరాదు.’ మరేం చేయాలి తండ్రీ? అది మాత్రం రాయలేదు.

ఆ వానాకాలం మా తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. అమ్మ కూడా అదే జ్వరంతో మంచం దిగలేకపోయింది. నాన్న గనిలో డ్యూటీకి వెళ్ళాడు. అందుకని మా మేనత్త వాణ్ణి భుజాన వేసుకుని సర్కారు దవాఖానాకు బయలుదేరింది. నన్ను కూడా రమ్మంది, నాకు చదువొచ్చని. మా అత్త మిర్చి కోతలకు కూలీలను తీసుకుపోయే ముఠా మేస్త్రి. చేనుకు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరివాళ్ళు నడుము ఎత్తి చూసేవాళ్ళు.

దవాఖానా గుమ్మం పక్కన పెద్ద బోర్డు ఉంది. అత్త చదవమంటే గొప్పగా గొంతు సవరించుకుని చదివాను. ‘చీటీ లేనివారు లోనికి రాకూడదు. చీటీలు లోపల ఇవ్వబడును.’

అత్త నా మొహంలోకి చూసి, సరిగ్గా చదవమంది. మళ్ళీ చదివాను. అదే ఉంది. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్న వాచ్‌మన్‌ను అడిగితే, “అవ్, గట్లనే ఉంది. నన్నేం జేయమంటవ్? చీటీ లేకుంట పంపితే నా నౌకరీ పోతది” అన్నాడు. మాకంటే ముందొచ్చినవాళ్ళు అప్పటికే మెట్ల మీద చతికిలబడి ఉన్నారు. లోపలి నుంచి ఎవరైనా వస్తే చీటీ అడగాలని వాళ్ళ ఆశ. ఎవరూ రావడం లేదు. తమ్ముడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. కాసేపటికి వాడి కళ్ళు పైకి తేలిపోయాయి, పిలిస్తే పలకలేదు. నాకు ఏడుపొచ్చింది. వాడు చచ్చిపోతాడేమోనని మొదటిసారి అనిపించింది.

వాచ్‌మన్‌ను తోసేసి లోపలికి పోయే సత్తువ మా అత్తకు ఉంది. పోతుందనే అనుకున్నాను. కానీ అత్త నావైపు తిరిగి, “పిల్లా, డాక్టరు బయటికి రావొద్దని ఏడన్న రాసుందా? మంచిగ సూడు” అంది. బోర్డు మొదటి నుంచి చివరిదాకా వెతికాను. లేదన్నాను.

అంతే, చేలో పిలిచినట్టు గొంతెత్తింది. “ఓ డాక్టరు సారూ! మేం లోపటికి రావొద్దని రాసిండ్రు. మీరు బయటికి రావొద్దని రాయలే. జర మీరే రాండ్రి! జల్దీ రాండ్రి, పిల్లగాడు పలుకుత లేడు!”

మెట్ల మీదివాళ్ళు కూడా లేచి నిలబడి కేకలు అందుకున్నారు. డాక్టరు గారు చిరాకుగా బయటికొచ్చారు. ఎందుకీ గోల అని అడగబోయి, తమ్ముడి నుదురు మీద చెయ్యి వేయగానే మాట ఆపేశారు. వాణ్ణి తానే ఎత్తుకుని లోపలికి పరుగెత్తారు. లోపల కాంపౌండరు “చీటీ ఏది సార్?” అని అడిగాడు. డాక్టరు గారు వేసిన కేక మా అత్త కేకకు ఏమీ తీసిపోలేదు.

సాయంత్రానికి తమ్ముడు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. ఇంకో పూట ఆలస్యమైతే జ్వరం మెదడుకు ఎక్కేదని డాక్టరు గారు చెప్పారు. అప్పుడుగానీ ఆయన బోర్డు ముందుకొచ్చి చదవలేదు. రోజూ వెనక గేటు నుంచి వచ్చే మనిషికి ముందరి గోడ మీద ఏముందో ఏం తెలుస్తుంది? చదివి నవ్వారు. మా అత్త నవ్వలేదు. “మీకు నవ్వొస్తుంది సారూ, నాకు పానం పోయినంత పనైంది” అంది. ఆయన నవ్వు ఆపి తల దించుకున్నారు.

తర్వాత మందుల కోసం మళ్ళీ వెళ్తే కొత్త బోర్డు పెట్టించారు. ‘చీటీలు బయట కిటికీ వద్ద ఇవ్వబడును’ అని చక్కగా రాయించి, దాన్ని తీసుకుపోయి లోపలి గోడకు తగిలించారు. ఏమనాలి వీళ్ళను!

ఇప్పుడు నేను ఒక మండల ఆఫీసులో పని చేస్తున్నాను. మా గోడల నిండా కూడా బోర్డులే. కొన్ని మార్పించగలిగాను, కొన్ని నా మాట వినలేదు. మా పిల్లలకు ఈ కథ చెబితే పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ పనిలో ఉండగా తలెత్తి చూసినప్పుడు, ఎవరైనా గుమ్మం అవతల బోర్డు చదువుకుంటూ ఆగిపోయి కనిపిస్తే నాకు కూర్చోబుద్ధి కాదు. లోపలికి రమ్మని పిలవను కూడా. నేనే లేచి బయటికి వెళ్తాను.