తెరకు వీపు తిప్పి కూర్చున్న గేటన్న

మొన్న బుధవారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. మా సినిమాకు కెమెరా పట్టిన తమ్ముడు. "అన్నా, గేటన్న పోయిండు. పొద్దుగాల్నే దవాఖానల పానం ఇడిశిండట," అన్నాడు. చాయ్ మీద మీగడ కట్టేదాకా వాకిట్లో అలాగే నిలబడిపోయాను.

బాన్సువాడలో మా టాకీసుకు వెళ్లినవాళ్లకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా గేటు దగ్గర టికెట్లు చింపాడు. సగం ముక్క మన చేతిలో పెట్టి, "కుడి దిక్కు కూసో తమ్మీ, ఫ్యాన్ మంచిగ తిరుగుతది," అనేవాడు. ఆట మొదలవగానే తెర పక్కనున్న తలుపు దగ్గర ఇనుప స్టూలు వేసుకుని, జనం వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. తెర ఆయన వీపు వెనక ఉండేది. తలుపు పరదా గాలికి లేచి వెలుతురు పడకుండా దాని అంచును ఒక చేత్తో పట్టుకునేవాడు. ఎవరైనా ముచ్చట్లు పెడితే టార్చి ఒకసారి వెలిగించి, "సప్పుడు జెయ్యకుండ్రి, ఆట సురువైంది," అనేవాడు. అంత మాటకే హాలంతా సద్దుమణిగేది.

నేనూ నా దోస్తులూ తీసినవి దయ్యాల కథలు. మొదటి భాగంలో మూడు కథలు సెల్‌ఫోన్‌తోనే తీసి యూట్యూబ్‌లో పెట్టాం. ఎక్కడెక్కడివాళ్లో చూసి, భయమేసి దుప్పటి ముసుగేసుకున్నామని కామెంట్లు రాశారు. దాంతో నా కాళ్లు నేల మీద ఆగలేదు. రెండో భాగంలో నాలుగు కథలు పెట్టుకున్నాం. అడిగి తెచ్చుకున్న కెమెరా, చెరకు తోటలో ట్రాక్టర్ లైట్ల వెలుగు, జనపనారతో దయ్యం జుట్టు. టాకీసువాళ్లు దయతలచి మూడు రోజులు పొద్దుటి ఆట ఇచ్చారు. సొంత ఊళ్లో, పెద్ద తెర మీద. ఇక్కడ నెగ్గితే ఇక దేనికీ వెనక్కి చూడక్కర్లేదనుకున్నాను. నెగ్గకపోతే కెమెరా తిరిగిచ్చేసి, నాన్న చెప్పినట్టు చెరకు పని చూసుకోవాలి. ఇంట్లో నేనిచ్చిన మాట అదే.

మేం చేసిన తప్పు ఒకటుంది. దయ్యం వేషం మా బజారు టైలరన్నకు ఇచ్చాం. మనిషి పొడుగ్గా, సన్నగా ఉంటాడు, చీకట్లో భలే కుదిరాడు. మొదటి రోజు కాలేజీ పిల్లలు, బిచ్కుంద అంగడికి పోతూ ఆగినవాళ్లు, డోంగ్లి నుంచి వచ్చిన కుటుంబాలు, తండా ఆడవాళ్లు, హాలు సగానికి పైగా నిండింది. మొదటి కథలో చెరకు గడలు పక్కకు జరిగి దయ్యం ముఖం తెర నిండా కనిపించింది. నేను ఊపిరి బిగబట్టాను. వెనక వరస నుంచి ఒకావిడ గట్టిగా అరిచింది.

"ఓ టైలరన్నా! నా జాకెట్ ఎప్పుడిస్తవే?"

హాలు హాలంతా పడిపడి నవ్వింది. ఆ తర్వాత దయ్యం ఎప్పుడు కనిపించినా చప్పట్లే. చివరి కథ దాకా ఆ నవ్వు నన్ను వదల్లేదు.

ఆట అయ్యాక నేను సైకిల్ స్టాండు దగ్గర తల దించుకుని నిలబడితే గేటన్న వచ్చాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ. వాళ్లు దయ్యాన్ని జూసి నవ్వలే, టైలర్ను జూసి నవ్విండ్రు. మొఖం సూపియ్యకు, ఎన్కనుంచే సూపియ్యి. మూడో కథ మాత్రం ముట్టకు. గప్పుడు అందరి కాళ్లు పైకి లేశినయి," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోతోంది. "నువ్వు తెర దిక్కు చూడనే చూడవు. టికెట్లు చింపుకునేటోనివి, సినిమా గురించి నీకేం ఎరుక?" అనేశాను. నా తండ్రి వయసుకు దగ్గరి మనిషిని పట్టుకుని అన్నాను. కెమెరా తమ్ముడు నా చెయ్యి గిల్లాడు.

ఆయన కోపం చేసుకోలేదు. "రేపొచ్చి నా పక్కపొంటి నిలవడు," అని, కింద పడ్డ టికెట్ ముక్కలు ఏరుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లొద్దనే అనుకున్నాను. తెల్లారాక ఎందుకో వెళ్లాను.

రెండో రోజు ఆయన స్టూలు పక్కన నిలబడి, జీవితంలో మొదటిసారి తెరను కాకుండా జనాన్ని చూశాను. మొదటి కథలో మళ్లీ నవ్వారు. గేటన్న నా చెవిలో, "నోరు నవ్వుతది తమ్మీ, పక్కోడు సూస్తడని. కాళ్లను ఎవడు సూస్తడు? గందుకే కాళ్లు అబద్ధమాడయి," అన్నాడు.

మూడో కథలో దయ్యమే లేదు. ఖాళీ బస్సు, వెనక సీటు మీద ఎవరిదో తడిసిన చేతిరుమాలు, అంతే. దాన్ని నేను బలహీనమైన కథ అనుకుని తీసేద్దామనుకున్నాను కూడా. బస్సు లైట్లు ఆరిపోగానే ముందు వరసలో ఒక రైతు చెప్పులు కిందే వదిలేసి పాదాలు రెండూ కుర్చీ మీదకు లాక్కున్నాడు. తర్వాత పక్కాయన, తర్వాత వరస వరసంతా. డోంగ్లి పెద్దాయన "అరే దేవా" అని మోకాళ్లు కావలించుకున్నాడు. ఒక తండా అక్క పక్కనున్న పరాయి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కథ అయ్యాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడి వదిలేశారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సినిమా తీశానే గాని, అది ఎక్కడ జరుగుతుందో నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ మధ్యాహ్నమే కూర్చుని సినిమాలోంచి దయ్యం ముఖాలన్నీ కోసేశాం. మూడో రోజు మొదటి కథలో ఎవరూ నవ్వలేదు. చెరకులో వెనక్కి తిరిగి నిలబడ్డ జుట్టును చూసి వెనక వరసలో కేక పుట్టింది, ఎవరివో పల్లీలు నేలంతా చిందాయి. టైలరన్న ఒక్కడే అలిగి, "నా మొఖం ఏడికి పోయెరా?" అని కొట్లాడాడు. నాన్న ఆ రోజు ఆట చూసి వచ్చి చెరకు ఊసెత్తలేదు.

గేటన్నకు క్షమాపణ చెప్పాలని గేటు దాకా వెళ్లాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అన్నా, నువ్వు చెప్పిందే నిజమైంది," అని. "నేనేం జెప్పిన? వాళ్ల కాళ్లు జెప్పినయి," అన్నాడు. అసలు మాట గొంతులోనే ఉండిపోయింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, "ఒక్కపారన్న తెర దిక్కు తిరిగి మా సినిమా చూడే," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వలకు చెప్పకు. నాకు దయ్యాల సినిమాలంటె శానా భయం. నౌకరీల చేరిన కొత్తల ఒకటి ఆడింది. గప్పుడు స్టూల్ ఇటు తిప్పుకున్న, మల్ల తిప్పలే. నీ వదినెకు గూడ ఎరుక లేదు." నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఇన్నాళ్లూ ఆ మాట దాచాను, ఇప్పుడు ఇలా బయటపెట్టినందుకు గేటన్న మన్నించాలి.

పోయిన నెల చూడటానికి దవాఖానకు వెళ్లాను. మధ్యాహ్నం, వదినె అన్నం తేవడానికి ఇంటికి పోయింది. మనిషి బాగా చిక్కిపోయాడు. కాసేపయ్యాక తనే అడిగాడు. "నీ సెల్లుల ఉందా గా సినిమా?"

"ఉంది. భయమైతదేమో అన్నా."

"ఇప్పుడు గాకపోతె ఇంకెప్పుడు సూస్తనే? పెట్టు. నువ్వు ఈడనే కూసో."

ఫోన్ ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. తెర వెనక భాగం నా వైపు ఉంది, ఆయన ముఖం నాకు ఎదురుగా ఉంది. బొమ్మ మొదలవుతుండగా ఇక ఆపుకోలేక, "అన్నా, ఆ రోజు నోరు జారిన. మాఫ్ చెయ్యే," అన్నాను.

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు. "సప్పుడు జెయ్యకు, ఆట సురువైంది," అన్నాడు.

మొదటి రెండు కథలకు పెదవి విరిచి, "గింతేనా? ఏం భయం లేదు," అని నవ్వాడు. మూడో కథ వచ్చింది. బస్సు లైట్లు ఆరిపోయాయి. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నేను ముఖం చూడటం మానేసి మంచం చివరికి చూశాను. దుప్పటి కింద రెండు పాదాలు మెల్లగా కదిలి, పైకి ముడుచుకున్నాయి. సినిమా అయిపోయేదాకా మళ్లీ కిందికి రాలేదు.