హఫీత్ కొండ కింద లింగయ్య గుడి

అల్ ఐన్ ఆస్పత్రిలో నర్సుగా చేరి రెండేళ్ళయినా నాకు వార్డూ, క్వార్టరూ, దారిలో కనిపించే ఖర్జూరం తోటలూ తప్ప ఇంకేమీ తెలియవు. ఎనభైల మొదట్లో మాట ఇది. మా ఆయన దేవదానం జెబెల్ అలీలో స్టోర్‌కీపరు. గురువారం సాయంత్రం దుబాయ్‌లో షేర్ టాక్సీ ఎక్కి, రెండు గంటలు ఇసుక చూసుకుంటూ వచ్చి, శుక్రవారం సాయంత్రం మళ్ళీ అదే ఇసుక చూసుకుంటూ వెళ్ళిపోయేవారు. "నీ మొహం చూడ్డానికి వారం వారం ఎడారి దాటాలా?" అని వేళాకోళం ఒకటి. సరే, నా మొహం కాక ఇంకేదైనా చూపిద్దామని నేను పట్టుదలగా ఉన్న రోజుల్లో మా వార్డులోని ఇంగ్లీషు డాక్టరుగారు ఒక ఫొటో చూపించారు. హఫీత్ కొండ అడుగున బోర్లించిన గంపల్లాంటి రాతి కట్టడాలు, వాటి మీద అప్పుడే పడుతున్న ఎర్రటి ఎండ. ఐదు వేల ఏళ్ళ నాటి సమాధులట. సూర్యోదయానికే చూడాలి, తర్వాత వెళితే రాళ్ళగుట్టలే అన్నారాయన.

అక్కడికి టాక్సీలు రావు. ఎవరిని అడగాలా అనుకుంటుంటే లింగయ్య గుర్తొచ్చాడు. జగిత్యాల వైపు పల్లె అతనిది, మజ్యద్ రోడ్డులో ఒక అరబ్బు తోటలో పికప్ నడుపుతాడు. ఖర్జూరం మట్ట ముల్లు అరచేతిలో దిగబడి మా ఆస్పత్రికి వస్తే కట్టు కట్టి, ఇంజెక్షన్ ఇచ్చింది నేనే. తెలుగు వినగానే నొప్పి మరిచిపోయి నన్ను అక్కను చేసుకున్నాడు. మళ్ళీ కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు కొండ కింది రాతి కట్టడాల సంగతి ఎత్తాను.

"నాకెందుకెర్క లేదక్కా! గవి గుళ్ళే. మా తోట కాడికెళ్ళి కనబడ్తయి. శుక్రారం పొద్దుగాల నేను గాడికే పోత. బావను తోల్కొని రా, సూపెడ్త" అన్నాడు.

గుళ్ళన్న మాటను నేను పట్టించుకోలేదు. పాత రాళ్ళు కనిపిస్తే మనవాళ్ళు అనే మాటే కదా అనుకున్నాను.

డిసెంబరు చలిలో ఐదున్నరకి పికప్ మా క్వార్టరు ముందు ఆగింది. మలబారీ హోటల్లో పాలు లేని సులేమానీ టీ తాగి, పరోటాలు పొట్లం కట్టించుకున్నాం. లింగయ్య డబ్బులు తీసుకోనంటే మా ఆయన పట్టుబట్టి పది దిర్హాముల పెట్రోలు పోయించారు. అక్కడి నుంచి మజ్యద్ దారిలో అరగంట ప్రయాణం. కుడిపక్క కొండ ఇంకా నల్లగానే ఉంది. తారురోడ్డు వదిలి కంకరలోకి దిగాక బండి కుదుపులకి మా ఆయన తల రెండుసార్లు పైకప్పుకి తగిలింది. లింగయ్య మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. మొన్న వేసవిలో ఊరికి వెళ్ళొచ్చినవాడు వచ్చే వారమే మళ్ళీ సెలవు మీద పోతున్నాడు, భార్యకి ఏడో నెల. అంతవరకు నవ్వుతూ చెప్పినవాడు ఒక్కసారి గొంతు తగ్గించాడు.

"ఇంతకుముందు ఇద్దరు పోయిన్రక్కా. గీ బిడ్డన్న దక్కాలె."

బండి ఆపి నడిచేసరికి తూర్పు తెల్లబడింది. ఆ గుమ్మటాలు మనిషెత్తుకి కాస్త ఎక్కువ, చాలావరకు కూలిపోయాయి, రెండు మూడు మాత్రం తిరిగి పేర్చినట్టున్నారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. వెనక మైదానంలోంచి సూర్యుడు లేచాడు. మేం నిలబడిన గుమ్మటానికి వాకిలి తూర్పునే ఉంది, మోకాళ్ళ మీద దూరాల్సినంత చిన్నది. ఎండ తిన్నగా ఆ వాకిట్లోంచి లోపలి గోడ మీద పడింది. ఎంత బాగుందో చెబుతూ మా ఆయన వైపు తిరిగాను. లింగయ్య అప్పటికే చెప్పులు దూరంగా విడిచి, సంచిలోంచి కొబ్బరికాయ తీస్తున్నాడు.

అతని వెనకే లోపలికి తొంగిచూశాను. గోడ నిండా పసుపు, కుంకుమ. రాళ్ళ సందుల్లో అగరుబత్తి పుల్లలు. పైన రాయంతా దీపాల మసి. కాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఒక ముక్క నాకూ ఒక ముక్క మా ఆయనకీ చేతిలో పెట్టాడు. లేబర్ క్యాంపులోని మనవాళ్ళు కూడా అప్పుడప్పుడు వస్తారట. ఈ దేశంలో మన గుడి ఇదొక్కటే దొరికిందట. చిన్న గర్భగుడి, తూర్పు వాకిలి, పొద్దున్నే లోపల పడే ఎండ. గుడి కాక ఇంకేమిటని అతని లెక్క. దేవుడి విగ్రహం ఎవరో ఎత్తుకుపోయుంటారని కూడా తేల్చేశాడు. మేం క్రైస్తవులం, మా అమ్మ విగ్రహాలకి పెట్టింది ముట్టనిచ్చేది కాదు. ఇది విగ్రహానికి పెట్టింది కూడా కాదు, ఎవరి ఎముకల మీదో కొట్టింది. కొబ్బరిముక్క గుప్పిట్లో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"సుగుణా, ఊరుకో. అతని నమ్మకం అతనిది" అన్నారు మా ఆయన నా చెవి దగ్గర.

ఊరుకునేదాన్నే. కానీ లింగయ్య వంగి, లోపలి మట్టిని గోటితో గీకి కాగితంలోకి ఎత్తుకుంటున్నాడు.

"ఎందుకయ్యా ఆ మట్టి?" అన్నాను.

"బిడ్డ పుట్టంగనే బొడ్డుకు పెడ్తందుకక్కా. పోయిన ఇద్దరికి మా ఊరి పుట్టమన్ను పెట్టినం. అది పని చెయ్యలే. గీ దేవునికి మొక్కుకున్న."

"పిల్లలు ఎలా పోయారు లింగయ్యా?" అని అడిగాను, జవాబు తెలిసి కూడా.

"మంచిగనే పుట్టిన్రు. వారం దాక పాలు తాగిన్రు. ఎనిమిదో దినం దవడలు పట్టుకున్నయి, పాలు మింగరు. ఒళ్ళంత కట్టె లెక్క బిగుసుకపోయింది. ఇద్దరికి గట్లనే."

ధనుర్వాతం. పాఠం చదువుకున్నాను, నర్సాపురంలో ట్రైనింగులో ఉండగా ఒకసారి కళ్ళారా చూశాను కూడా. కోసిన బొడ్డు పచ్చిపుండు, అందులో మన్ను పెడితే ఇంకేముంది! ఒకసారి కాదు, రెండుసార్లు. మూడోసారికి ఈ మనిషి సముద్రం దాటించి మరీ మన్ను పట్టుకుపోతున్నాడు.

అసలు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కన్నతండ్రికి ఆ ముక్క ఎలా చెప్పను? దగ్గరి దారి ఒకటి తోచింది. "లింగయ్యా, ఇది గుడి కాదు. సమాధి. ఖబర్. లోపల ఎముకలు దొరికాయట, తవ్వినవాళ్ళు చెప్పారు" అన్నాను.

అతని చేతిలో కాగితం జారి మట్టంతా కాళ్ళ మీద పడింది. గబగబా కాళ్ళు దులుపుకుంటూ బయటికి వచ్చేశాడు. "ఖబరా? సచ్చినోల్లదా? నా బిడ్డకు గీ మన్ను పెడ్దామనుకుంటినా!" అని చెంపలు వాయించుకున్నాడు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి పరోటా పొట్లం విప్పబోయారు.

"పోనీ తియ్యక్కా. మా అవ్వ పుట్టమన్ను తీసి దాసిపెట్టే ఉంచింది. అదే పెడ్తం" అన్నాడు లింగయ్య. అవ్వంటే వాళ్ళ అమ్మ.

ఇక దగ్గరి దారి లేదు. అతన్ని రాయి మీద కూర్చోబెట్టి చెప్పాను. "ఏ మన్నూ వద్దు. గుడిదీ వద్దు, పుట్టదీ వద్దు. ముల్లు గుచ్చుకుంటే నీకు ఇంజెక్షన్ ఎందుకిచ్చాను? మట్టిలోంచి వచ్చే జబ్బు అది. నీ ఇద్దరు పిల్లలూ దాంతోనే పోయారు. బొడ్డు మీద పెట్టిన మన్నుతో."

అతను ముల్లు దిగిన తన అరచేతి వైపు చూసుకున్నాడు. అర్థం కాలేదేమో, మళ్ళీ చెప్పాలేమో అనుకున్నాను. అర్థమయింది.

"మా అవ్వ చేత్తోనే పెట్టిందక్కా. ఇద్దరికి."

తలమీద తువ్వాలు కప్పుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. మా ఆయన అటు తిరిగి నిలబడ్డారు. ఎండ అప్పటికి బాగా పైకెక్కింది, డాక్టరుగారు చెప్పినట్టే ఆ గుమ్మటాలు ఉత్త రాళ్ళగుట్టల్లా ఉన్నాయి. తిరుగు దారిలో నేనే మాట్లాడాను. వెళ్ళగానే నీ భార్యని టౌనుకి తీసుకెళ్ళి ఇంజెక్షన్ వేయించు, నెలకి రెండోది మరిచిపోకు, కాన్పు ఆస్పత్రిలోనే, కొత్త బ్లేడు, బొడ్డుకి ఏదీ ముట్టించొద్దు. ప్రతిదానికీ తల ఊపాడు. తోట దగ్గర కాలవ పక్కన బండి ఆపి, బట్టలతోనే దిగి తలస్నానం చేశాడు. మమ్మల్ని దింపేటప్పుడు మాత్రం ఒక మాట అడిగాడు. "మన్ను ఎందుకొద్దురా అంటే అవ్వకేం చెప్పాలె?"

తర్వాత ఎన్నో పాత కట్టడాలు చూశాను. ఎక్కడ నిలబడినా ముందు ఆ వాకిలే గుర్తొస్తుంది. నమ్మకం లేనివాళ్ళు అజ్ఞానం అనేస్తారు, ఉన్నవాళ్ళు తప్పు లేదంటారు. ఆ ఉదయం నాకు రెండు మాటలూ చాల్లేదు. ప్రేమగా పెట్టిన చిటికెడు మన్నే ఇంత పని చేసింది. మీరు వెళ్ళేటట్టయితే చలికాలంలో, చీకటుండగానే బయల్దేరండి, కంకరలో నడిచే బండి చూసుకోండి. అక్కడి నుంచి ఏమీ తెచ్చుకోకండి, చిటికెడు మట్టి కూడా. ఇప్పుడు కంచె వేసి టికెట్టు పెట్టారని విన్నాను, మంచిదే.

లింగయ్య మార్చి చివర్లో తిరిగొచ్చాడు. సకినాల డబ్బా తెచ్చి నా చేతికిచ్చి, ఆడపిల్ల అన్నాడు. నెల దాటింది, పాలు తాగుతోంది, ఊరంతా వినేలా ఏడుస్తోంది. అవ్వకేం చెప్పావని అడిగాను.

"దుబాయ్‌ల కొండ కింద ఒక దేవుడున్నడు, గీసారి బొడ్డు ముట్టద్దని ఆయననే అన్నడని చెప్పినక్కా. అవ్వ ఆ దిక్కుకు మల్లి దండం పెట్టింది."