నింపమన్న గడి

ఆ పేటలో ఆయన్ని అందరూ పెయింటరు అనే పిలుస్తారు. భార్య కూడా ఇరుగుపొరుగుతో "మా పెయింటరు" అనే అంటుంది, ఇంట్లో అద్దెకున్న మనిషి గురించి చెప్పినట్టు. ముప్ఫై ఏళ్ళుగా గోడల మీదా షట్టర్ల మీదా అక్షరాలు రాసి బతుకుతున్నాడు. బొమ్మలు మాత్రం చేతకావు. మందుల షాపువాళ్ళు పాపాయి బొమ్మ వేయమంటే, రాసేవాణ్ణే గాని వేసేవాణ్ణి కాదని మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయినా, ఆయన రాసిన బోర్డులో ఒత్తు తప్పిందని వేలెత్తి చూపినవాడు లేడు. చేతి సంగతి అదీ. నోటి సంగతి వేరు. వద్దనడానికి తెరుచుకున్నంత సులువుగా ఆ నోరు సరేననడానికి తెరుచుకోదు. ఈ కథలో తప్పు సగం ఆ నోటిది.

ఆయనకు ఒక్కతే కూతురు, ఎనిమిదో తరగతి. వాళ్ళ బడిలో తొమ్మిదికి వెళ్ళేముందు చిత్రకళో, కంప్యూటరో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నదే రెండేళ్ళు చదవాలి, మధ్యలో మార్చరు. తర్వాత చిత్రకళ కాలేజీలో చేరాలన్నా ఆ రెండేళ్ళూ ఉండి తీరాలి. పిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి పెన్సిలు తప్ప వేరే ధ్యాస లేదు. కరెంటు బిల్లు వెనకా, మందుల చీటీ వెనకా, ఎక్కడ తెల్లగా కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి గీసి ఉంటుంది. చిత్రకళ తీసుకుంటానని ఆ పిల్ల అన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు.

పెయింటరు మాత్రం ససేమిరా అన్నాడు. ఆయన బాధ ఆయనది. ఫ్లెక్సీ యంత్రం వచ్చి పదిమంది పెయింటర్ల పొట్ట కొట్టింది. నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. టర్పెంటైను వాసనకు పట్టుకున్న దగ్గు ఏ మందుకూ వదల్లేదు. రంగు ముట్టుకుని పాడైనవాణ్ణి ఈ ఇంటికి నేనొక్కణ్ణి చాలు అని నెల రోజులు అదే పాట పాడాడు. కూతురు కంచంలోకి చూస్తూ కూర్చుని, ఆయన పాట అయిపోయాక లేచి చెయ్యి కడుక్కునేది.

ఇంతలో డ్రాయింగు టీచరమ్మ కబురు పెట్టింది. పిల్ల ఏం తప్పు చేసిందోనని బిక్కుబిక్కుమంటూ వెళ్ళాడు. ఆవిడ పిల్ల గీసిన బొమ్మ ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది. కిటికీ పక్కన వాళ్ళావిడ కుట్టుమిషను. పెయింటరు కళ్ళు ముందు నీడల కోసం వెతికాయి. అక్షరాలకు నీడ వేయడం ఆయన పనిలో సగం, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకోకుండా నీడ వేసేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టడు. చక్రం కింద చూశాడు, దారపుకండె కింద చూశాడు. తప్పు దొరకలేదు. సూదిలోంచి వేలాడే దారానికి కూడా, వెంట్రుకంత సన్నగా, ఉండాల్సిన వైపే నీడ ఉంది. అంత సన్నటి గీత ఆయన ఈ జన్మలో గీయలేడు. నేను వద్దంటున్నది దీన్నా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

టీచరమ్మ ఏమంటారని అడిగితే, "చూద్దాం లెండి," అన్నాడు.

ఆయన భాషలో అది సరేనన్న దానికంటే పెద్ద మాట. ఆ సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

ఇంటికి వెళ్ళి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు మహానుభావుడు. నెల రోజులు వద్దని, ఇప్పుడు తగుదునమ్మా అని సరేనంటే నామోషీ కదా. బడికిచ్చే కాగితమే చెబుతుందిలే అనుకున్నాడు. జాబితాలో పేరు చూసుకుని పిల్ల పరుగెత్తుకుంటూ వస్తుంది, తను ఏమీ తెలియనట్టు బ్రష్షులు కడుక్కుంటూ ఉంటాడు. ఈ ముచ్చట తలుచుకుని నాలుగు రోజులు లోలోపల మురిసిపోయాడు.

గడువు ఆఖరి రోజు పొద్దున కూతురు ఫారం చేతిలో పెట్టింది. పెద్దవాళ్ళే నింపి, స్వయంగా ఇవ్వాలట. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాడు.

ఆ రోజు పని ఒక గోదాము గోడ మీద, మనిషెత్తు అక్షరాలు. ఈయన గీతలు గీస్తాడు, వెనకాలే బావమరిది రంగు నింపుకుంటూ వస్తాడు. అక్షరం ఎంత పెద్దదైతే ఏది లోపలో ఏది బయటో తెలియక తికమక అంత ఎక్కువ. అందుకని ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. రంగు నింపాల్సిన చోట ఇంటూ గుర్తు. ముట్టుకోకుండా వదిలేయాల్సిన చోట టిక్కు. ముప్ఫై ఏళ్ళుగా అదే లెక్క. ఆ పూట అప్పటికే గోడ నిండా ఇంటూలు పెట్టి ఉన్నాడు. మధ్యాహ్నం పరంజా మీదే కూర్చుని ఫారం తీశాడు. పక్కపక్కనే రెండు గడులు, పైన ఒక మాట: కావలసిన గడిని నింపండి. నింపమన్నారు కదా. చిత్రకళ గడిలో మూల నుంచి మూలకు చక్కటి ఇంటూ పెట్టాడు. కంప్యూటరు గడిలో టిక్కు పెట్టాడు, దాన్ని వదిలేయమని. సంతకం చేసి, దారిలో బడిలో ఇచ్చేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వారం తర్వాత సెలవులు అయిపోయి బడి తెరిచారు. పిల్ల పరుగెత్తుకుంటూ రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. మూడో రోజు ఉండబట్టలేక, చిత్రకళ క్లాసు ఎలా ఉందని ఆయనే అడిగాడు.

"నన్ను కంప్యూటరులో వేశారు నాన్నా," అంది కూతురు. "నువ్వు పెట్టిందే కదా."

పెయింటరు రంగు చేతులతోనే బడికి పరుగెత్తాడు. గుమాస్తా విసుక్కోకుండా ఫారం వెతికి చూపించాడు. టిక్కు ఉన్నచోట టిక్కు, ఇంటూ ఉన్నచోట ఇంటూ, అచ్చు వేసినంత అందంగా. ఎటూ చెప్పుకోలేని తప్పు అది. చిత్రకళలో సీట్లు నిండిపోయాయి, పేర్లు పైఆఫీసుకు వెళ్ళిపోయాయి, ఇంక తమ చేతుల్లో లేదన్నాడు గుమాస్తా. పెయింటరు టీచరమ్మ దగ్గరికి వెళ్ళి ఇంటూ గురించీ గోదాము గోడ గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆవిడ చివరిదాకా వింది.

"మీకు ఇష్టం లేదని మీ అమ్మాయి ముందే చెప్పిందండీ," అంది. "ఆ మాట ఆ రోజే నాతో అనాల్సింది."

నెల రోజులు వద్దన్నదానికి పేటంతా సాక్ష్యం. మనసు మారిందనడానికి ఆ ఒక్క ఇంటూ తప్ప ఇంకో సాక్ష్యం లేదు. బావమరిదిని తీసుకొచ్చి చెప్పిస్తే, అక్క మొగుణ్ణి వెనకేసుకు రాక ఏం చేస్తాడంటారు.

మర్నాడు బడికి వెళ్ళే దారిలో కూతుర్ని గోదాము దగ్గరికి తీసుకెళ్ళాడు, కళ్ళతో చూస్తే నమ్ముతుందని. గోడంతా నున్నగా నిగనిగలాడుతోంది. బావమరిది మంచి పనివాడు, ఒక్క ఇంటూ కూడా కనబడకుండా నింపేశాడు. పెయింటరు గబగబా జేబులోంచి సుద్దముక్క తీసి, నేల మీద ఒక అక్షరం గీసి, లోపల ఇంటూ పెట్టాడు.

"ఇదిగో, ఇలా పెడితే నింపమని. నేను నీకు నింపమనే పెట్టాను తల్లీ. నీ కుట్టుమిషను బొమ్మ చూశాకే పెట్టాను."

కూతురు ఆ అక్షరం వంక కాసేపు చూసింది. తర్వాత ఆయన వంక చూసింది. నేల మీద గొంతుక్కూర్చున్న తండ్రిని చూస్తే జాలి వేసినట్టుంది.

"పోనీలే నాన్నా. నా మంచికే చేశావు. నాకేం కోపం లేదు."

"నేను కావాలని చెయ్యలేదమ్మా."

"సరే నాన్నా," అంది కూతురు, జ్వరం వచ్చినవాళ్ళతో మాట్లాడినంత మెల్లగా. "నువ్వు చెయ్యలేదు."

కోప్పడితే బతిమాలుకునేవాడు, ఏడిస్తే దగ్గరికి తీసుకునేవాడు. క్షమించేసిన పిల్లకు ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుని లేవదీసింది, మోకాళ్ళ మీద అంటిన దుమ్ము దులిపింది, మొదటి గంట కంప్యూటరు క్లాసే, ఆలస్యమవుతోందని చెప్పి వెళ్ళిపోయింది.